స్టీమ్ జాకెట్ కెటిల్‌కి యు విలువ ఎంత వేసుకోవాలి? అరగంట అన్నారు, 95 నిమిషాలు పడుతోంది

చింతగుజ్జు_గుంటూరు

అందరికీ నమస్కారం అండి. గుంటూరు పక్కన చింతపండు గుజ్జు, పండుమిర్చి పచ్చడి చేసే యూనిట్. కొత్త స్టీమ్ జాకెట్ కెటిల్ (లోపలి గోడకీ బయటి గోడకీ మధ్య జాకెట్‌లో ఆవిరి నింపి కాచే పాత్ర) లెక్క ఎంత చూసినా తేలడం లేదు.

కెటిల్ 1000 లీటర్లది, 304 స్టీలు. లోపలి వ్యాసం 1.2 మీటర్లు, అడుగు అర్ధగోళం, గోడ మందం 4 మి.మీ. జాకెట్ అడుగంతా ఉంది, దాని పైన నిలువు గోడకి ఇంకో 35 సెం.మీ. ఎక్కింది. యాంకర్ స్టిర్రర్ (లంగరు ఆకారంలో ఉండే కలిపే చేయి) 1.1 మీటర్లు, నిమిషానికి 20 చుట్లు, స్క్రేపర్లు (గోడ తుడిచే బ్లేడ్లు) లేవు. ఊకతో నడిచే బాయిలర్, ప్లేటు మీద గంటకి 500 కిలోలు అని ఉంది. హెడర్ (బాయిలర్ నుంచి వచ్చే ప్రధాన ఆవిరి గొట్టం) గేజ్ 2 కేజీలు, అంటే చదరపు సెం.మీ.కి 2 కేజీల ఒత్తిడి చూపిస్తోంది.

గుజ్జు 800 లీటర్ల మార్కు దాకా పోస్తున్నాం, కాటా మీద 880 కిలోలు. ఘనపదార్థం 25 శాతం. 30 డిగ్రీల నుంచి 90కి రావడానికి 95 నిమిషాలు. కెటిల్ చేసినవాళ్లు ఇచ్చిన షీటులో 'యు = 600' అని ఉంది (యు అంటే ఆవిరి నుంచి గోడ దాటి సరుకులోకి వేడి ఎంత జోరుగా వెళ్తుందో చెప్పే అంకె), అరగంటలో కాగుతుందని నోటిమాట. పుస్తకాల్లో చూస్తే 100 నుంచి 1000 దాకా ఏదైనా రాసి ఉంది. అసలు ఎంత వేసుకోవాలి? వచ్చే సీజన్‌కి 3000 లీటర్లది చేయించాలని ఉంది, అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి.

ఆవిరి_లెక్కలు

గుజ్జు గారూ, కెటిల్ మీ ముందే ఉంది కదా, పుస్తకంలో యు వెతకడం దేనికి? కొలవండి. గడియారం, థర్మామీటర్ ఉంటే చాలు.

ఆవిరి ఉష్ణోగ్రత మారకుండా ఉండి, లోపలి సరుకు బాగా కలుస్తూ ఉంటే సూత్రం ఇది:

యు × వైశాల్యం × సమయం = బరువు × విశిష్టోష్ణం × ఎల్ఎన్ [(ఆవిరి − మొదలు) ÷ (ఆవిరి − చివర)]

ఎల్ఎన్ అంటే సహజ లాగరిథమ్, సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో ఆ బటనే ఉంటుంది.

ముందు వైశాల్యం. జాకెట్ మొత్తం వైశాల్యం వేయకండి. లోపల సరుకు తగిలిన గోడనే లెక్కలోకి తీసుకోవాలి. అర్ధగోళం 2.26 చదరపు మీటర్లు, దాంట్లో 452 లీటర్లు పడతాయి. మిగతా 348 లీటర్లు నిలువు గోడ వెంట 31 సెం.మీ. ఎక్కుతాయి, అంటే ఇంకో 1.16. మొత్తం 3.42. జాకెట్ 35 సెం.మీ. దాకా ఉంది కాబట్టి పైన 4 సెం.మీ. వృథాగా కాలుతోంది. గుజ్జు చిమ్మి మాడిపోయే పట్టీ అదే.

విశిష్టోష్ణం: నీటికి 4.18, ఘనపదార్థానికి సుమారు 1.5 వేసి కలిపితే 0.75 × 4.18 + 0.25 × 1.5 = 3.5 కిలోజౌళ్లు. 880 కిలోలకి 30.8 లక్షల జౌళ్లు, డిగ్రీకి. కెటిల్ లోపలి స్టీలు కూడా వేడెక్కాలి కానీ అది 2 శాతమే, వదిలేయండి.

ఆవిరి 2 కేజీల గేజ్ అంటే 133 డిగ్రీలు. మన గుంటూరు, విజయవాడ సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి గేజ్ మీద ఒక వాతావరణ పీడనం పూర్తిగా కలుపుకోవచ్చు. (133 − 30) ÷ (133 − 90) = 2.395, దాని ఎల్ఎన్ 0.8735.

30.8 లక్షలు × 0.8735 ÷ 5700 సెకన్లు = 472. దాన్ని 3.42తో భాగిస్తే 138. యూనిట్లు చదరపు మీటరుకి, డిగ్రీకి వాట్లు. ఇక్కడి నుంచి ఊరికే 'వాట్లు' అంటాను.

అంటే మీ యు 138. స్క్రేపర్ లేని చిక్కటి గుజ్జుకి ఈ అంకె వింతేమీ కాదు. అయితే ఇందులో గుజ్జు తప్పెంత, ఆవిరి వైపు తప్పెంత అన్నది ఈ ఒక్క అంకె చెప్పదు. అందుకు నీళ్ల పరీక్ష చేయాలి. కెటిల్ శుభ్రంగా కడిగి, అదే 800 లీటర్ల మార్కు దాకా నీళ్లు పోయండి. మార్కు మారిందంటే వైశాల్యం మారిపోతుంది, జాగ్రత్త. స్టిర్రర్ తిప్పుతూ ప్రతి 10 నిమిషాలకి ఉష్ణోగ్రత రాయండి. గేజ్ హెడర్ దగ్గర కాదు, జాకెట్ మీదే ఉండాలి. హెడర్‌లో 2 ఉండి జాకెట్‌లో అరకేజీ ఉంటే పై లెక్క అంతా తప్పు.

యూనిట్ల_గొడవ

షీటులో ఆ 600 పక్కన యూనిట్ ఉందా? మన దగ్గర ఫ్యాబ్రికేటర్లు, బాయిలర్ వాళ్లు చాలామంది ఇప్పటికీ కిలోక్యాలరీలలోనే రాస్తారు. గంటకి, చదరపు మీటరుకి, డిగ్రీకి 600 కిలోక్యాలరీలంటే 1.163తో గుణించి 698 వాట్లు. ఏది వేసినా మీ గుజ్జుకి అది దరిదాపుల్లో లేదు. అది నీళ్లకి వేసే అంకె. షీటులో ఏ సరుకుకి అన్నది రాయకుండా యు ఇస్తే ఆ షీటు చిత్తుకాగితం కింద లెక్క.

బాయిలర్ ప్లేటు సంగతీ చూసుకోండి. 500 అనేది సాధారణంగా 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చే లెక్కలో రాస్తారు. మీరు 30 డిగ్రీల నీళ్లు పోసి 2 కేజీల ఆవిరి తీస్తే వచ్చేది గంటకి దాదాపు 435 కిలోలే. ఊక తడిగా ఉంటే అదీ రాదు.

ట్రాప్_మెకానిక్

అన్నా, నీళ్ల పరీక్షకి ముందు నాలుగు విషయాలు చెప్పు.
ఆవిరి జాకెట్‌లోకి ఎటు నుంచి వస్తోంది? ఎయిర్ వెంట్ (గాలి బయటికి పోయే వాల్వ్) ఉందా?
కింద ఏ రకం ట్రాప్ (నీటిని వదిలి ఆవిరిని ఆపే వాల్వ్)? డిస్కా, బకెట్టా, ఫ్లోటా?
ట్రాప్ తర్వాత కండెన్సేట్ (ఆవిరి చల్లబడి అయిన నీరు) పైపు కిందికి పోతోందా, పైకెక్కి ఫీడ్ ట్యాంకులో పడుతోందా?
ట్రాప్ ముందు స్ట్రైనర్ (తుక్కు పట్టే జాలి) ఎప్పుడైనా విప్పారా?

ఈ నాలుగూ తేలకుండా యు అంకెల మీద కొట్టుకోవడం దండగ.

చింతగుజ్జు_గుంటూరు

యూనిట్ రాయలేదండి, ఉత్త 600 అనే ఉంది.

ట్రాప్ వివరాలు: ఆవిరి నిలువు జాకెట్‌కి ఒక పక్క పై నుంచి వస్తుంది. ఎయిర్ వెంట్ లేదు. కింద 15 మి.మీ. డిస్క్ ట్రాప్. దాని తర్వాత పైపు 4 మీటర్లు పైకెక్కి ఫీడ్ ట్యాంకులో పడుతుంది. స్ట్రైనర్ ఇవాళే విప్పాం, జాలిలో వెల్డింగ్ తుక్కు, తుప్పు సగానికి పైగా పట్టేసి ఉంది. అది కడిగి పెట్టాకే పరీక్ష చేశాం.

జాకెట్ మీద గేజ్ పెట్టించాను. 2 కేజీలు నిలకడగానే ఉంది. 800 లీటర్ల నీళ్లు: మొదలు 30, 10 నిమిషాలకి 42, 20కి 58, 30కి 75, 41 నిమిషాలకి 90.

ఆవిరి_లెక్కలు

ఈ నాలుగు అంకెల్లోనే జబ్బు కనిపిస్తోంది. మొత్తానికి ఒకే యు కాకుండా ముక్కలు ముక్కలుగా తీయండి. నీళ్లకి బరువు × విశిష్టోష్ణం 33.44 లక్షలు.

మొదటి 10 నిమిషాలు: ఎల్ఎన్(103 ÷ 91) = 0.124, యు 202.
రెండో పది: ఎల్ఎన్(91 ÷ 75) = 0.193, యు 315.
మూడో పది: ఎల్ఎన్(75 ÷ 58) = 0.257, యు 419.
చివరి 11 నిమిషాలు: ఎల్ఎన్(58 ÷ 43) = 0.299, యు 443.
మొత్తం మీద సగటు 347.

ఇలాంటి కెటిల్‌లో నీళ్లకి 600 నుంచి 800 మధ్య రావాలి. పైగా నీళ్లు వేడెక్కే కొద్దీ పలచనవుతాయి కాబట్టి యు కొంచెం పెరగడం మామూలే, 202 నుంచి 443కి ఎగబాకడం మాత్రం మామూలు కాదు. మొదట్లో జాకెట్ నిండా గాలి ఉంది. అది ట్రాప్ సందుల్లోంచి మెల్లగా పోయే కొద్దీ యు పెరిగింది. గేజ్ 2 చూపిస్తూనే ఉంటుంది, దానికి గాలి, ఆవిరి అన్న తేడా తెలియదు. జాకెట్‌లో ఐదో వంతు గాలి ఉంటే ఆవిరి వాటా 3 బార్‌లో (గేజ్ 2, వాతావరణం 1; కేజీ అంటే దాదాపు ఒక బార్) 2.4 బారే, దాని ఉష్ణోగ్రత 133 కాదు, 126. ఆ ఏడు డిగ్రీలు పోవడం కాదు అసలు నష్టం. ఆవిరి గోడ మీద చల్లబడి నీరవుతుంటే దాని వెంట వచ్చిన గాలి గోడ దగ్గరే దుప్పటిలా పేరుకుంటుంది, తర్వాత వచ్చే ఆవిరి ఆ దుప్పటి దాటి రావాలి.

ఇంకో సంగతి. మే నెలలో విజయవాడలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లే 40 డిగ్రీలుంటాయి. అప్పుడు ఇదే పరీక్ష చేస్తే ఏ రిపేరూ లేకుండానే సమయం 12 శాతం తగ్గుతుంది, ట్రాప్ బాగుపడిందని మురిసిపోతారు. సమయాలు పోల్చకండి, యు పోల్చండి.

ట్రాప్_మెకానిక్

అనుకున్నదే. డిస్క్ ట్రాప్ స్టీమ్ లైనులో డ్రిప్ పాయింట్లకి (గొట్టంలో చేరిన నీరు దించే చోట్లకి) మంచిది, జాకెట్ కెటిల్‌కి కాదు. మొదలుపెట్టగానే గాలి జోరుగా వస్తే డిస్క్ దాన్ని ఆవిరి అనుకుని మూసుకుంటుంది. ఆ గాలి తనంతట చల్లబడి నీరు కాదు కదా, మళ్లీ తెరుచుకోవడానికి తెగ ఆలస్యం.

చేయాల్సింది: ఫ్లోట్ ట్రాప్ పెట్టించు, లోపల థర్మోస్టాటిక్ ఎయిర్ వెంట్ ఉన్నదే తీసుకో. జాకెట్ అడుగున అన్నిటికంటే పల్లపు చోటి నుంచి గొట్టం తీసి, ట్రాప్ దానికంటే కింద ఉండేలా బిగించు. కెటిల్ కాళ్లు పొట్టివైతే కాళ్లే ఎత్తించు, ట్రాప్ పక్కకి ఎత్తి పెట్టకు. సైజు గొట్టం చూసి కాదు, లోడు చూసి తీసుకోవాలి. నీళ్లకి యు 700 వస్తే మొదట్లో 3.42 × 700 × 103 = 247 కిలోవాట్లు, గుప్తోష్ణం (కిలో ఆవిరి నీరైతే వదిలే వేడి) 2164 కిలోజౌళ్లతో భాగిస్తే గంటకి 410 కిలోల కండెన్సేట్. రెండింతలు పెట్టుకుని, కంపెనీ చార్టులో 1 బార్ తేడా దగ్గర గంటకి 800 కిలోలు దింపేది ఎంచుకో.

రెండోది, జాకెట్‌కి విడిగా ఎయిర్ వెంట్. ఆవిరి వచ్చే వైపుకి సరిగ్గా ఎదురు వైపు, పైన. ఆవిరి తోసుకుంటూ పోతే గాలి చివరికి ఇరుక్కునేది అక్కడే. ఇన్‌లెట్ పక్కనే వెంట్ పెట్టిన కెటిళ్లు ఆటోనగర్ షాపుల్లో బోలెడు, వాటి వల్ల ఉపయోగం సున్నా.

మూడోది, ఆ 4 మీటర్ల ఎక్కుడు. 4 మీటర్లకి 0.4 బార్ వెనక ఒత్తిడి. 2 కేజీలు ఉన్నప్పుడు ఎక్కుతుంది. వాల్వ్ తెరిచిన మొదటి నిమిషాల్లో జాకెట్‌లో ఒత్తిడే ఉండదు, నీరు అడుగునే కూర్చుంటుంది. దాని మీద ఆవిరి వదిలితే టప టప కొట్టుకుంటుంది. ట్రాప్ నుంచి కిందికి చిన్న తొట్టిలోకి వదిలి, అక్కడి నుంచి పంపుతో ఎత్తు. జాకెట్ మీద వాక్యూమ్ బ్రేకర్ కూడా పెట్టు. వాల్వ్ కట్టేశాక జాకెట్ చల్లబడి లోపల వాక్యూమ్ వస్తే కండెన్సేట్ దిగదు.

నీరు నిలిచిందా లేదా అన్నది చేత్తో చూసే పని కాదు. కాంటాక్ట్ థర్మామీటర్‌తో జాకెట్ బయట పైన, నడుమ, అడుగున కొలువు. పైన 130 ఉండి అడుగున 80 ఉంటే అడుగు మునిగి ఉన్నట్టే. తళతళలాడే స్టీలు మీద ఇన్‌ఫ్రారెడ్ గన్‌ని నమ్మకు, తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొట్టు.

ఆవిరి_లెక్కలు

మెకానిక్ గారు చెప్పిన గాలి, నీరు రెండూ తప్పులే కానీ గుజ్జు మీద వాటి ప్రభావం ఒకటి కాదు, ఇది ముందే లెక్క వేసుకోండి.

అడుగున నీరు నిలిస్తే పోయేది వైశాల్యం. నీళ్లకి ఎన్ని రెట్లు నష్టమో గుజ్జుకీ అన్ని రెట్లే. గాలి దుప్పటి అయితే అది వరసలో ఇంకో నిరోధం (వేడికి అడ్డు; మొత్తం నిరోధం అంటే 1 ÷ యు). నీళ్లలాంటి తేలిక సరుకుకి అది పెద్ద దెబ్బ, గుజ్జుకి చిన్న దెబ్బ, ఎందుకంటే గుజ్జు నిరోధమే కొండంత.

నీళ్ల యు 347 నుంచి, ఉదాహరణకి, 650కి పెరిగిందనుకోండి. తగ్గిన నిరోధం 1/347 − 1/650 = 0.00134. గుజ్జు మొత్తం నిరోధం 1/138 = 0.00725. తప్పంతా గాలిదే అయితే మిగిలేది 0.00591, యు 169, సమయం 78 నిమిషాలు. తప్పంతా నిలిచిన నీటిదే అయితే యు 138 నుంచి 258, సమయం 51 నిమిషాలు. మీకు ఈ రెంటి మధ్య ఎక్కడో వస్తుంది. అరగంట మాత్రం రాదు. ట్రాప్ మార్చగానే అంతా అయిపోతుందని ఆశ పెట్టుకోకండి.

ఇక గుజ్జు వైపు ఎందుకంత తక్కువో చూద్దాం. స్నిగ్ధత (ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత) తెలుసా?

చింతగుజ్జు_గుంటూరు

ల్యాబ్‌లో 60 డిగ్రీల దగ్గర మెల్లగా తిప్పి చూస్తే సుమారు 2000 సెంటీపాయిజ్ అన్నారు. జోరుగా తిప్పితే పలచనవుతుందట.

ఆవిరి_లెక్కలు

2 పాస్కల్ సెకన్లు. సరిపోతుంది, మీ యాంకర్ తిరిగేది కూడా మెల్లగానే.

గోడ దగ్గర గుజ్జు వేడిని ఎంత తీసుకుంటుందో మూడు సంఖ్యలతో లెక్కేస్తారు. రేనాల్డ్స్ సంఖ్య (సాంద్రత × సెకనుకి చుట్లు × స్టిర్రర్ వ్యాసం వర్గం ÷ స్నిగ్ధత): 1100 × 0.333 × 1.1² ÷ 2 = 222. యాంకర్‌కి 10 నుంచి 300 మధ్య వాడే సూత్రం: నుసెల్ట్ = 1.0 × రేనాల్డ్స్ వర్గమూలం × ప్రాంట్ల్ ఘనమూలం. గోడ దగ్గర స్నిగ్ధత తేడాకి ఇంకో చిన్న గుణకం ఉంది, దాన్ని 1 అనుకుందాం. రేనాల్డ్స్ 300 దాటితే ముందు గుణకం 0.36, ఘాతం 2/3 అవుతాయి. రెండూ కలిపేసి వాడకండి.

ప్రాంట్ల్ (విశిష్టోష్ణం × స్నిగ్ధత ÷ గుజ్జు ఉష్ణవాహకత): 3500 × 2 ÷ 0.5 = 14000, ఘనమూలం 24.1. నుసెల్ట్ 14.9 × 24.1 = 359. లోపలి ఫిల్మ్ కోఎఫిషియంట్ (గోడని అంటుకున్న గుజ్జు పొర ఒక్కదాని యు; నుసెల్ట్ × ఉష్ణవాహకత ÷ కెటిల్ వ్యాసం) 359 × 0.5 ÷ 1.2 = 150 వాట్లు.

ఇప్పుడు నిరోధాలు పక్కపక్కన పెట్టండి. గుజ్జు ఫిల్మ్ 0.00667. 4 మి.మీ. స్టీలు గోడ, ఉష్ణవాహకత 16 వేస్తే 0.00025. శుభ్రమైన ఆవిరి ఫిల్మ్‌కి 5000 వాట్లు వేస్తే 0.0002. మొత్తంలో దాదాపు 94 శాతం గుజ్జుదే. గోడ మందం తగ్గించడం, ఆవిరి వేగం పెంచడం, జాకెట్‌లో బాఫిల్స్ (ఆవిరిని మళ్లించే అడ్డు పలకలు) వేయడం, ఇవేవీ మీకు పనికిరావు.

అడుగంటిందా, అది దీని మీద అదనం. అర మి.మీ. మాడు పొర అంటే ఇంకో 0.001, యు సుమారు ఎనిమిదో వంతు తగ్గుతుంది. బ్యాచ్ నడుస్తుండగా పట్టుకోవచ్చు కూడా. గుజ్జు వేడెక్కే కొద్దీ పలచబడాలి, కాబట్టి పది పది నిమిషాల యు పెరుగుతూ పోవాలి. 70 దాటాక పెరగడం ఆగి తగ్గుతోందంటే గోడకి పట్టడం మొదలైందని అర్థం. అయితే 80 దాటాక మూత తెరిచి ఉంటే పైనుంచి ఆవిరైపోయే వేడి కూడా అలాగే కనిపిస్తుంది. మూత వేసి చూడండి.

ఊకబాయిలర్

ఇంత లెక్క ఎందుకండీ, ఆవిరి 3 కేజీలకి పెంచితే సరి.

ఆవిరి_లెక్కలు

3 కేజీలంటే 143 డిగ్రీలు. ఎల్ఎన్(113 ÷ 53) = 0.757. 0.8735తో పోలిస్తే 13 శాతం ఆదా. 80 నిమిషాల బ్యాచ్ 69 అవుతుంది. బదులుగా గోడ ఇంకో పది డిగ్రీలు వేడెక్కి, గోడకి తగిలిన గుజ్జు నల్లబడుతుంది. చింతపండుకి రంగే రేటు. జాకెట్ ఎంత ఒత్తిడికి డిజైన్ చేశారో, సేఫ్టీ వాల్వ్ ఎక్కడ సెట్ చేశారో చూడకుండా ఆ వాల్వ్ జోలికి అసలు వెళ్లకూడదు.

ఊకబాయిలర్

ఆవిరిని నేరుగా గుజ్జులోకి వదిలితే? యు గొడవే ఉండదు.

యూనిట్ల_గొడవ

వదలొచ్చు. 880 కిలోల గుజ్జుకి దాదాపు 79 కిలోల ఆవిరి నీరై అందులోనే కలుస్తుంది, 9 శాతం పలచన. ముందే చిక్కగా తీసి మొదలుపెట్టాలి. బాయిలర్ నీళ్లలో వేసే మందులు కూడా తిండిలోకి వస్తాయి, అందుకు ఒప్పుకున్న మందులే వాడాలి, ఆవిరికి ఫిల్టర్ పెట్టాలి. ఊక బాయిలర్ నీళ్లు పొంగి ఆవిరితో వచ్చే రకమైతే మాత్రం వద్దు.

చింతగుజ్జు_గుంటూరు

ఫ్లోట్ ట్రాప్ కింద పెట్టించాం, ఎదురు వైపు ఎయిర్ వెంట్, కండెన్సేట్ తొట్టి, పంపు, వాక్యూమ్ బ్రేకర్ అన్నీ అయ్యాయి. నీళ్లు 30 నుంచి 90కి 22 నిమిషాలు. యు 647 వచ్చింది. మొదటి పది నిమిషాలకీ చివరికీ పెద్ద తేడా లేదు.

గుజ్జు, అదే 880 కిలోలు: 80 నిమిషాలు.

ఆవిరి_లెక్కలు

అంటే యు 164. ముందు చెప్పిన 78కి దగ్గరగా వచ్చింది కాబట్టి తప్పు దాదాపు అంతా గాలిదే, నీరు నిలవడం తక్కువే. గోడ, ఆవిరి నిరోధాలు తీసేస్తే గుజ్జు ఫిల్మ్ 177. సూత్రం 150 అంది. ఇలాంటి సూత్రాలు 20 శాతంలోపు కలిశాయంటే అంతకంటే అడగకూడదు.

సరి చూసుకోవాలంటే ఇంకో దారి ఉంది: కండెన్సేట్ పట్టి తూచండి. డ్రమ్ములో సగం చన్నీళ్లు పోసి తూకం వేసి, ట్రాప్ గొట్టం ఆ నీళ్లలో ముంచి 10 నిమిషాలు పట్టి, మళ్లీ తూచండి. ఉత్త డ్రమ్ములో పడితే కొంత ఆవిరై ఎగిరిపోయి లెక్క తగ్గుతుంది. మొత్తం బ్యాచ్‌కి గుజ్జు తాగేది 85 కిలోల ఆవిరి. జాకెట్ బయట ఇన్సులేషన్ లేకపోతే గంటకి ఇంకో 8 కిలోలు గాలికి పోతాయి. అంతకు చాలా ఎక్కువ వచ్చిందంటే ఆవిరి తడిగా వస్తోంది, లేదా ట్రాప్ ఆవిరిని వదిలేస్తోంది.

గుజ్జుగోడ

ఆలస్యంగా చూశాను. అసలు దోషం డ్రాయింగులోనే ఉంది. కెటిల్ 1.2, యాంకర్ 1.1, అంటే చుట్టూ 50 మి.మీ. ఖాళీ. గుజ్జు ఆ ఖాళీలో గోడకి అతుక్కుని కదలదు. స్టిర్రర్ మధ్యలోనిదాన్ని తిప్పుతుంది, గోడ దగ్గరిది ఉడుకుతూనే ఉంటుంది.

చుట్లు 20 నుంచి 40 చేస్తే ఫిల్మ్ 1.41 రెట్లు, యు సుమారు 220, సమయం 59 నిమిషాలు. కానీ ఇంత చిక్కటి సరుకులో పవర్ చుట్ల వర్గం చొప్పున పెరుగుతుంది, నాలుగు రెట్లు దాకా. గేర్‌బాక్స్, షాఫ్ట్ తట్టుకుంటాయా అని ముందు చూడాలి.

స్క్రేపర్ బ్లేడ్లే దారి. గోడని ప్రతిసారి పూర్తిగా తుడిచేస్తే ఫిల్మ్ ఎంత రావచ్చో లెక్క: 2 × వర్గమూలం(ఉష్ణవాహకత × సాంద్రత × విశిష్టోష్ణం × సెకనుకి తుడుపులు ÷ 3.14). 20 చుట్లకి, గోడలో ప్రతి చోటా చుట్టుకి రెండుసార్లు బ్లేడ్ తగిలితే సుమారు 1280. తుడిచింది అక్కడే తిరగకుండా మధ్యలోకి కలిసిపోతేనే అంత వస్తుంది, గుజ్జులో అది జరగదు. మూడో వంతు నుంచి సగం వేసుకోండి. 500 వేస్తే యు 408, సమయం 32 నిమిషాలు. మీకు నోటిమాటగా చెప్పిన అరగంట ఈ బ్లేడ్లున్న కెటిల్‌ది అయి ఉండాలి. మొదట్లో ఆవిరి గంటకి 240 కిలోలు లాగుతుంది, మీ బాయిలర్‌కి పర్వాలేదు.

3000 లీటర్ల సంగతి. అదే ఆకారంలో పెంచితే సరుకు మూడు రెట్లు, వైశాల్యం 2.08 రెట్లే. యు మారకపోయినా సమయం 1.44 రెట్లు, ఇప్పటి 80 కాస్తా 115 నిమిషాలు. వెయ్యి లీటర్లవి మూడు పెట్టుకోవడం మేలు, లేదా పెద్దదానికి మొదటి నుంచీ స్క్రేపర్లు రాయించుకోవాలి. ఆర్డరులో 'యు ఇంత' అని రాయించకండి. 'ఇంత స్నిగ్ధత ఉన్న 880 కిలోల గుజ్జు, జాకెట్ గేజ్ 2 కేజీల దగ్గర, 30 నుంచి 90కి ఇన్ని నిమిషాలు, మాడు లేకుండా' అని రాయించండి.

చింతగుజ్జు_గుంటూరు

ఉన్న యాంకర్‌కే బ్లేడ్లు బిగించొచ్చా, కొత్తది చేయించాలా?

గుజ్జుగోడ

యాంకర్ గట్టిగా ఉంటే దానికే బిగించొచ్చు. ముందు గోడ గుండ్రంగా ఉందో లేదో చూడండి. యాంకర్ చేతికి ఒక స్కేలు కట్టి, మోటారు కరెంటు తీసేసి, చేత్తో తిప్పుతూ గోడకి దూరం ఎనిమిది చోట్ల, మూడు ఎత్తుల్లో రాయండి. ఎక్కువ తక్కువల తేడా ఎంత వస్తే, బ్లేడ్ స్ప్రింగ్ కదలిక దానికంటే ఎక్కువ ఉండాలి. లోపలి వెల్డింగ్ గీతలు గ్రైండ్ చేసి నున్నగా చేయించాలి, లేకపోతే బ్లేడ్ టెఫ్లాన్ వారంలో చీలికలు లేచి గుజ్జులో పడుతుంది.

బ్లేడ్లు ఒకే పొడుగు పట్టీగా వద్దు. చిన్న ముక్కలుగా, ఒక చేతి మీద ముక్కల మధ్య వచ్చే సందుని రెండో చేతి ముక్క తుడిచేలా ఎదురెదురు బిగించాలి. పై లెక్కలో రెండు తుడుపులు రావాలంటే మీ యాంకర్‌కి ఇంకో జత చేతులు కావాలి. అవి లేకపోతే చుట్టుకి ఒక తుడుపే, ఫిల్మ్ 0.7 రెట్లు, సమయం 40 నిమిషాల దరిదాపు. అర్ధగోళం అడుగున, షాఫ్ట్ కింద అరచేతంత చోటు ఏ బ్లేడుకీ అందదు, అక్కడ మాత్రం మాడుతుంది. డిశ్చార్జ్ వాల్వ్ అక్కడే ఉంటే, మూసినప్పుడు వాల్వ్ అంచు లోపలి గోడతో సమంగా ఉండే రకం పెట్టించండి. మెడలో గుజ్జు నిలిచే మామూలు బాల్ వాల్వ్ వద్దు. గింజ ముక్కలు, పీచు ఉంటే బ్లేడ్ కింద దూరి గోడని గీకేస్తాయి, కాబట్టి గుజ్జు కెటిల్‌లోకి పోసే ముందే జల్లెడ పట్టండి.

చింతగుజ్జు_గుంటూరు

కొలిచానండి. నిలువు గోడలో తేడా 5 మి.మీ., అడుగు వంపు మొదలయ్యే వెల్డింగ్ దగ్గర 9.

గుజ్జుగోడ

ఆ 9 వెల్డింగ్ ఉబ్బుదే అయి ఉంటుంది. గ్రైండ్ చేయించి మళ్లీ కొలవండి. 6 లోపు వస్తే 15 మి.మీ. కదిలే స్ప్రింగ్ హోల్డర్లు సరిపోతాయి. రాకపోతే ఆ వంపు దగ్గర బ్లేడ్‌ని విడిగా చిన్న ముక్క చేసి, దానికి వేరే స్ప్రింగ్ ఇవ్వండి.